యూనివర్సిటీలో విద్యార్థులమే మధ్యాహ్న భోజనం పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కరివేపాకు_24 అడిగారు:

మాది ఏపీలో ఒక జిల్లా కేంద్రంలోని స్టేట్ యూనివర్సిటీ. హాస్టల్ సీటు దొరకని పీజీ డే స్కాలర్లు పొద్దున ఏడింటి పల్లెవెలుగు పట్టుకుని వస్తారు. ఆ వేళకు ఇంట్లో వంట అవదు కాబట్టి క్యారేజీ ఉండదు. మధ్యాహ్నానికి రెండు సమోసాలు, ఒక టీ. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం పెడుతున్నారు గానీ, పీజీకి వచ్చేసరికి అలాంటిదేమీ లేదు. అందుకే విద్యార్థులమే వాలంటీర్లుగా వండి పెడదామనుకుంటున్నాం.

చేతిలో ఉన్నవి: పాత క్యాంటీన్ షెడ్డు (కుళాయి ఉంది, గ్యాస్ లేదు), వాట్సాప్ గ్రూపులో పేరిచ్చిన 30 మంది, నెలకు ₹12,000 దాకా చందాలు. అనుకున్నది: సోమ, బుధ, శుక్రవారాలు, 12:45 నుంచి 1:45 వరకు, వంద మందికి. మెనూ: అన్నం, పప్పు, ఒక వేపుడు, సాంబారు, పెరుగు, అప్పడం.

వంద మందికి సరుకులు ఎంత పడతాయి? ఎవరి అనుమతులు కావాలి? నిజంగా అవసరమైనవాళ్లు మొహమాటపడకుండా రావాలంటే ఏం చేయాలి? మాకు తట్టనివి ఇంకేమైనా ఉంటే అవి కూడా చెప్పండి.

గరిటె_తిప్పు:

మెనూ చూస్తే పెళ్లిభోజనంలా ఉంది. ఆరు పదార్థాలంటే ఆరు గిన్నెలు, ఆరు వడ్డనలు, ఆరు చోట్ల తప్పు జరిగే అవకాశం. వేపుడుకు వంద మందికి కనీసం 10 కిలోల కూర తరగాలి, నూనె రెండింతలు అవుతుంది, పెద్ద మూకుడు ముందు ఒక మనిషి గంటసేపు నిలబడాలి. సాంబారు, పప్పు రెండూ కందిపప్పే. ఒకటి చాలు. ఆకుకూర పప్పు, అన్నం, మజ్జిగ, ఎవరింటి నుంచైనా వచ్చిన ఊరగాయ. మొదటి రెండు నెలలు దీన్ని దాటొద్దు.

వంద మందికి లెక్క ఇది. ఆడపిల్లలు, మగపిల్లలు సగం సగం ఉంటారనుకుని వేశాను. అందరూ మగపిల్లలే అయితే బియ్యం ఇంకో 2 కిలోలు కలపండి.

బియ్యం 13 కిలోలు (వండితే 34, 35 కిలోల అన్నం). కందిపప్పు 4 కిలోలు. పాలకూర ఒలిచాక 6 కిలోలు ఉండాలి, అంటే 8 కిలోలు కొనాలి. టమాటా 2.5 కిలోలు, పచ్చిమిర్చి 400 గ్రాములు, చింతపండు 200 గ్రాములు, పసుపు 30 గ్రాములు. పోపుకు నూనె ముప్పావు లీటరు, ఆవాలు 60 గ్రాములు, జీలకర్ర 60 గ్రాములు, ఎండుమిర్చి 80 గ్రాములు, వెల్లుల్లి 200 గ్రాములు, కరివేపాకు రెండు పెద్ద గుప్పెళ్లు, ఇంగువ 10 గ్రాములు. ఉప్పు మొదట 250 గ్రాములే వేసి, రుచి చూసి 300 దాకా వెళ్లండి. ఇంట్లో వండే చేయి వంద మందికి ఉప్పు వేసేటప్పుడు తప్పకుండా తడబడుతుంది. తూకం వేసి వేయండి, గుప్పెళ్ల లెక్క వద్దు. ఎక్కువైతే బంగాళాదుంప వేయమనే చిట్కాను నమ్మకండి. ఉప్పు వేయకముందే రెండు లీటర్ల ఉత్త ఉడికిన పప్పు పక్కన తీసి పెట్టుకోండి. తగ్గించాల్సి వస్తే అది కలపండి, అవసరం పడకపోతే చివర్లో అదీ అందులోకే.

మజ్జిగకు 4 లీటర్ల పాలు ముందురోజు రాత్రి తోడేయాలి. 11 లీటర్ల నీళ్లు కలిపితే మనిషికి ఒక గ్లాసు వస్తుంది. ఉప్పు 90 గ్రాములు, దంచిన అల్లం, కొత్తిమీర.

ఇప్పుడు డబ్బు. పై సరుకులు, 3 కిలోల గ్యాస్, నాలుగు నీళ్ల క్యాన్లు, విస్తరాకులు, ఆటో ఖర్చు అన్నీ కలిపితే ఈనాటి ధరల్లో ఒక రోజుకు సుమారు ₹2,900. మనిషికి ₹29. వారానికి మూడు రోజులంటే నెలకు ₹34,800 కావాలి. మీ దగ్గరున్నది ₹12,000. అంటే మీరు చేయగలిగింది వారానికి ఒక రోజు, వంద మందికి. మూడు రోజులు మొదలుపెట్టి రెండో నెలలో ఆపేయడం కన్నా ఒక బుధవారం పెట్టుకుని ఏడాది నడపడం మేలు. తినేవాళ్లు ఆ రోజు మీ భోజనాన్నే నమ్ముకుని వస్తారు. అలాంటి రోజున మీరు వండకపోతే వాళ్లు పస్తే.

పాత్రలు: 30, 35 లీటర్ల డేగిసాలు మూడు, మూతలతో సహా. రెండు అన్నానికి, ఒకటి పప్పుకు. పోపుకు ఒక మూకుడు. 13 కిలోల బియ్యం ఒకే డేగిసాలో వండొద్దు. అంత ఎత్తున బియ్యం ఉంటే అడుగున ముద్దయిపోతుంది, పైన పలుకు మిగులుతుంది. ఆరున్నర కిలోల చొప్పున రెండు వాయిలు వేయండి. గంజి వార్చే పద్ధతి కూడా వద్దు. మరిగే నీళ్లున్న డేగిసాను ఇద్దరు కుర్రాళ్లు ఎత్తి వంచుతుంటే గుడ్డ జారిందా, కాళ్లు కాలిపోతాయి. అత్తెసరు పెట్టండి. పాత సోనామసూరికి ఇంట్లో ఒకటికి రెండు నీళ్లు పోస్తాం కదా, పెద్ద వాయికి ఆవిరి పోయే పాళ్లు తక్కువ, కాబట్టి ఒకటికి ఒకటిముప్పావు చాలు. కొత్త బియ్యమైతే ఒకటిన్నర. బస్తా మారినప్పుడల్లా ముందురోజు పావుకిలో వండి చూసుకోండి.

సమయం వెనక్కి లెక్కేసుకోవాలి. 9:00కు పప్పు కడిగి నానబెట్టడం, ఆకుకూర ఒలవడం. 10:15కు పప్పు పొయ్యి మీదికి. 11:20కి మొదటి వాయి అన్నం, 11:50కి రెండోది. 12:20కి ఆకుకూర, టమాటా, చింతపండు రసం ఉడికిన పప్పులో కలిసి ఉండాలి, 12:35కు పోపు. అన్నం తొందరగా అయిపోతే పని అయిపోయిందని సంబరపడతారు గానీ, పది గంటలకే వండిన అన్నం ఒంటిగంటన్నరకు వడ్డించడంలోనే అసలు ప్రమాదం ఉంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. అవి ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. కాబట్టి వడ్డన అయ్యేదాకా అన్నం, పప్పు 60 డిగ్రీలకు తగ్గకూడదు. గుచ్చి చూసే థర్మామీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. గిన్నె నడిమధ్యలో గుచ్చండి, అంచున కాదు.

పప్పు అడుగంటితే ఆ అడుగును గరిటెతో గోకవద్దు. పొయ్యి ఆపి, పైపైన ఉన్నదాన్ని వేరే గిన్నెలోకి వంచేయండి. ఒక్కసారి గోకితే మాడు వాసన మొత్తం పప్పుకు పట్టేస్తుంది. ఇక ఏ పోపూ దాన్ని కాపాడలేదు.

కాగితం_కలం:

వంట సంగతి పైన చెప్పారు. కాగితాల సంగతి నేను చెబుతాను.

"మేం అమ్మట్లేదు కదా, ఆహార లైసెన్సు మాకెందుకు" అని అందరూ అడుగుతారు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో ఆహార వ్యాపారం అనే మాటకు నిర్వచనం చదవండి. లాభం కోసమైనా కాకపోయినా అని స్పష్టంగా ఉంది. మీ స్థాయికి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఫాస్కాస్ పోర్టల్‌లో దరఖాస్తు, ఏడాదికి ₹100 ఫీజు. గుర్తింపు కార్డు, ఫొటో, షెడ్డు వాడుకోవడానికి యూనివర్సిటీ ఇచ్చిన లేఖ సిద్ధం చేసుకోండి. వచ్చిన 14 అంకెల నంబరును షెడ్డు గోడ మీద కనబడేలా పెట్టండి. పేరు మాత్రం విద్యార్థిది పెట్టకండి. రెండేళ్లకు కోర్సు అయిపోతుంది, ఫోన్ నంబరు మారుతుంది, ఫీజు కట్టే గడువు ఎవరికీ తెలియకుండా దాటిపోతుంది. బాధ్యత తీసుకునే అధ్యాపకుల పేరు మీద ఉండాలి.

యూనివర్సిటీలో ఎవరిని అడగాలి? నేరుగా వీసీ గారికి వినతిపత్రం ఇస్తే అది మళ్లీ కిందికే వస్తుంది. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్‌తో మొదలుపెట్టండి. ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీరు ఏడాదికి 120 గంటల సేవ చూపించాలి, రెండేళ్లకు 240. మీ వంట పనిని ఆ గంటల్లో లెక్కించేలా మాట్లాడుకుంటే యూనిట్‌కు పని దొరుకుతుంది, మీకు మనుషులు దొరుకుతారు. తర్వాత షెడ్డు కోసం ఇంజినీరింగ్ విభాగం, విద్యార్థి వ్యవహారాల డీన్. మౌఖికంగా "కానివ్వండి" అన్నది అనుమతి కాదు. ఫైల్ నంబరు ఉన్న లేఖ తీసుకోండి. ఆ లేఖలో రోజు, సమయం, గరిష్ఠ సంఖ్య, గ్యాస్ వాడకం నాలుగూ రాయించుకోండి.

గ్యాస్: ఇంటి ఎర్ర సిలిండరు (14.2 కిలోలు) ఇలాంటి వంటకు వాడకూడదు. 19 కిలోల వాణిజ్య సిలిండరే తీసుకోవాలి. రోజుకు 3 కిలోల లెక్కన ఒకటి ఆరు వంటలకు వస్తుంది. సిలిండరు నిలువుగా, వీలైతే షెడ్డు బయట నీడలో ఉండాలి. ఎల్పీజీ గాలికన్నా బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. పైన కిటికీలు తెరిచి ఉన్నాయి కదా అని ధీమా పడొద్దు, నేలమట్టంలో గాలి ఆడాలి. కలిపిన ప్రతిసారీ సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. నిప్పార్పే ఏబీసీ పౌడర్ సిలిండరు తలుపు దగ్గర ఉండాలి గానీ పొయ్యి వెనక గోడకు కాదు. మంట లేస్తే ఆ గోడ దగ్గరికి ఎవరు పోగలరు?

డబ్బు: ఒకరి ఫోన్‌పే నంబరుకు చందాలు వసూలు చేయడం మొదటి నెల సులువు, మూడో నెల గొడవ. ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ ద్వారానో, ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతా ద్వారానో తీసుకోండి. ప్రతి వంట తర్వాత ఖర్చు కాగితాన్ని నోటీసు బోర్డు మీద అంటించండి.

మన వర్సిటీల్లో ఇంకో సంగతి తప్పకుండా వస్తుంది. అమెరికాలో ఉన్న పూర్వ విద్యార్థులు "మేం పంపిస్తాం" అంటారు. ఇండియన్ పాస్‌పోర్టుతో ఉన్న ఎన్ఆర్ఐ తన సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. కానీ అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ (విదేశాల్లోని భారత సంతతి) కార్డున్నా సరే, విదేశీ విరాళాలను నియంత్రించే 2010 నాటి ఎఫ్‌సీఆర్ఏ చట్టం ప్రకారం విదేశీ మూలమే. వాళ్ల నుంచి తీసుకోవాలంటే ఆ చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. రిజిస్టరైన సంస్థలు కూడా 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని ఎస్బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే తీసుకోవాలి. మీలాంటి చిన్న బృందం అందులో తల దూర్చకపోవడమే మంచిది. ఇక్కడున్న వాళ్ల అమ్మానాన్నలను ఒక బస్తా బియ్యం ఇప్పించమనండి.

బియ్యం మాట వచ్చింది కాబట్టి: ఎవరైనా "రేషన్ బియ్యం కిలో పదిహేనుకు ఇప్పిస్తా" అంటే వద్దనండి. పీడీఎస్ బియ్యం కొనుగోలు, అమ్మకం నిత్యావసర సరుకుల చట్టం కింద కేసు. మీ షెడ్డులో ఆ బస్తాలు దొరికితే సేవాభావం సాక్ష్యానికి రాదు.

మెస్_బిల్లు:

నేను కొంచెం విభేదిస్తాను. అసలు అన్నం మీరు ఎందుకు వండాలి? క్యాంపస్‌లో హాస్టల్ మెస్ ఉంది. అక్కడ పొద్దున పదకొండుకే కొన్ని వందల మందికి అన్నం వార్చే మాస్టర్లు, పెద్ద పొయ్యిలు, స్టీమ్ బాక్సులు ఉన్నాయి. వాళ్లకు ఇంకో 13 కిలోల బియ్యం కలపడం పెద్ద పనే కాదు. మీరు పప్పు మాత్రం వండుకోండి, లేదా ఆకుకూర మీరు తరిగిచ్చి పప్పు కూడా అక్కడే చేయించండి. మీకు రెండు డేగిసాలు, ఒక పొయ్యి, సగం గ్యాస్, మూడు గంటల పని తగ్గుతాయి.

ఇందులో ఒకే ఒక్క చిక్కు, కానీ పెద్దది. చాలా మెస్సుల్లో డివైడింగ్ పద్ధతి నడుస్తుంది: నెల ఖర్చంతా తిన్న రోజుల లెక్కన పిల్లలకు పంచుతారు. మీకు ఊరికే ఇచ్చిన అన్నం వాళ్ల బిల్లులో చేరుతుంది. వార్డెన్ మంచితనంతో మొదటి వారం ఇస్తారు, నెలాఖరుకు బిల్లు ₹40 పెరిగితే హాస్టల్ పిల్లలే మీ మీదికి వస్తారు, వాళ్ల కోపమూ న్యాయమే. అందుకని బియ్యం మీరే కొని మెస్ స్టోరుకు అప్పగించి, రసీదు తీసుకోండి. గ్యాస్, కూలి కోసం కిలో బియ్యానికి ₹15 చొప్పున మెస్ ఖాతాలో జమ చేయండి. 13 కిలోలకు ₹195. ఈ రెండూ మెస్ కమిటీ మినిట్స్‌లో రాయించండి.

తెచ్చుకోవడానికి మూతపెట్టి బిగించే 50 లీటర్ల ఐస్‌బాక్సు వాడండి. ఐసు కోసం చేసిందే వేడినీ నిలబెడుతుంది. ముందు మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి, పారబోసి, ఆ తర్వాత పొగలు కక్కే అన్నం నింపండి. ఖాళీ బాక్సు చల్లగా ఉంటే మొదటి అరగంటలో అన్నం వేడిని అదే లాగేస్తుంది.

గరిటె_తిప్పు:

మెస్_బిల్లు గారూ, అన్నం విషయంలో ఒప్పుకుంటాను. పప్పు మాత్రం వీళ్లే వండుకోవాలి. మెస్ సెలవు రోజుల్లో, మాస్టర్లు రాని రోజుల్లో మొత్తం ఆగిపోకుండా ఒక వంటైనా చేతిలో ఉండాలి. అలాంటి రోజు కోసం పులిహోర ఒకటి నేర్చి పెట్టుకోండి. వంద మందికి 10 కిలోల బియ్యం, కిలో చింతపండు, ఒకటింబావు లీటరు నూనె, 700 గ్రాముల వేరుశనగపప్పు, శనగపప్పు, మినప్పప్పు చెరో 300. పులుసు ముందురోజే ఉడికించి పెట్టుకోవచ్చు. అన్నం మాత్రం అదే రోజు పొద్దున.

తోముడు_డ్యూటీ:

అన్నా, గ్రూపుల 30 పేర్లు ఉన్నయంటే వచ్చేది పన్నెండు మంది అనుకొని ప్లాన్ చేయుండ్రి. వంద మందికి అసలు పని లెక్క ఇది: వంటకు ఇద్దరు, కూరగాయలు తరిగెటందుకు నలుగురు (వీళ్లు పదింబావుకు ఫ్రీ అయి క్లాసుకు పోవచ్చు), వడ్డనకు ముగ్గురు, కూపన్లు, లెక్క చూసేందుకు ఒక్కరు, గిన్నెలు తోమెటందుకు ముగ్గురు. పదమూడు మంది.

వంటకు అందరూ ముందుకొస్తరు, వడ్డనకు ఇంకా ఎక్కువ. ఒంటిగంటన్నరకు మాడిన డేగిసా ముందు ఎవ్వరూ ఉండరు. ఇట్లాంటి కార్యక్రమాలు ఎక్కువ శాతం ఆ డేగిసా దగ్గరే ఆగిపోతయి. రోస్టర్ రాసేటప్పుడు తోముడు పేర్లు ముందు రాయుండ్రి, అవి నిండినంకనే వంట పేర్లు. ఈ వారం వండినోళ్లు వచ్చే వారం తోమాలె. అడుగంటిన గిన్నెల నీళ్లు, రెండు గుప్పెళ్ల వంటసోడా వేసి పది నిమిషాలు మరిగిస్తే మాడు పెచ్చులు పెచ్చులుగ లేస్తది, ఇనుప పీచుతోని కుస్తీ పట్టే పని లేదు. అల్యూమినియం డేగిసాకు మాత్రం సోడా వద్దు, నల్లగైతది. అండ్ల ఉత్త నీళ్లే మరిగించుండ్రి.

వాంతులు, విరేచనాలు అయినోళ్లు తగ్గినంక కూడా 48 గంటలు వంట దగ్గరికి రావద్దు. ఇది మొహమాటం లేకుండ గోడ మీద రాసి పెట్టాలె. "పర్లేదు, నేను తరుగుత" అనేటోడే అందరికీ అంటిస్తడు. చేతికి గాయమైతే బ్యాండేజీ, దాని మీద గ్లోవు. బ్యాండేజీ నీలం రంగుది కొనుండ్రి, అన్నంల పడితే కనిపిస్తది.

క్యాలెండర్ ముందే గీసుకోండ్రి. దసరా, సంక్రాంతి సెలవులు, మిడ్ పరీక్షలు, సెమిస్టర్ పరీక్షలు తీసేస్తే ఒక సెమిస్టర్ల పన్నెండు పదమూడు బుధవారాలు మిగులుతయి. మిడ్స్ వారంల వాలంటీర్లు దొరకరు. తినేటోళ్లు మాత్రం ఆ వారం తప్పకుండ వస్తరు, పరీక్ష రాసి ఆకలితోని ఉంటరు. ఆ వారం పులిహోర ఒక్కటే పెట్టుండ్రి, ఐదుగురు సరిపోతరు. ఇంకోటి: అన్ని పనులు తెలిసినోళ్లు ఇద్దరు ఎప్పుడూ ఫస్టియర్లోళ్లై ఉండాలె. సెకండియరోళ్లు ఏప్రిల్‌ల పోతే సరుకుల కొట్టు నంబరు సుద్ధ వాళ్లతోనే పోతది.

విస్తరాకులు: అడ్డాకుల విస్తర్లు తీసుకోండ్రి, మోదుగాకువి అయినా మంచివే. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జులై 1 నుంచి నిషేధం. ఎవరి ప్లేటు, ఎవరి గ్లాసు వాళ్లే తెచ్చుకొని కడుక్కునే పద్ధతి పెడితే నెలకు ₹800 మిగులుతది. కానీ మొదటి నెలే ఆ షరతు పెడితే ప్లేటు మర్చిపోయినోడు క్యూల నిలబడడు.

సగం_ప్లేటు:

ఎవరు రావాలి అన్న ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. నా దృష్టిలో అన్నిటికన్నా కష్టమైనది అదే.

ఆదాయ ధ్రువపత్రం అడగొద్దు, తెల్లకార్డు అడగొద్దు. అడిగిన మరుక్షణం అది "బీదవాళ్ల క్యూ" అవుతుంది. అవసరం ఉన్నవాళ్లలో సగం మంది, ముఖ్యంగా ఆడపిల్లలు, అటువైపు చూడరు. అన్న క్యాంటీన్లలో ₹5 ఎందుకు తీసుకుంటారో ఆలోచించండి. ఆ ఐదు రూపాయలతో ఖర్చులో పిసరంతే తీరుతుంది. కానీ తినేవాడు కొనుక్కుని తింటున్నాడు, చేయి చాచట్లేదు.

మీకు పనికొచ్చే పద్ధతి ఒకటి. కూపన్ అందరికీ ఒకే రంగు, ఒకే కాగితం. కూపన్ తీసుకునే చోటు, వడ్డించే చోటు వేరువేరుగా ఉండాలి. కూపన్ల డబ్బా పక్కన ఇంకో మూసిన డబ్బా. ఇష్టమున్నవాళ్లు ₹30 వేస్తారు, కొందరు ₹10, కొందరు ఏమీ వేయరు. డబ్బా దగ్గర మనిషిని కూర్చోబెట్టొద్దు, క్యూఆర్ కోడ్ అంటించండి. వడ్డించేవాడికి ఎవరు ఎంతిచ్చారో తెలిసే దారే ఉండకూడదు. అధ్యాపకులు, రీసెర్చ్ స్కాలర్లు, స్థోమత ఉన్న పిల్లలు కూడా అదే వరుసలో కూర్చుని తినాలి. వాళ్లు వస్తేనే ఆ వరుస మామూలు వరుస అవుతుంది.

సంఖ్య కోసం ముందురోజు రాత్రి ఎనిమిది లోపు పేరు అడగని ఫారం ఒకటి: "రేపు తింటాను", "ఆలస్యంగా 1:30కి వస్తాను", అంతే. నొక్కినవాళ్లందరూ రారు, నొక్కనివాళ్లు వస్తారు. మొదటి నాలుగు వారాలు నొక్కినవి ఎన్ని, తిన్నవి ఎన్ని అని పక్కపక్కన రాసుకోండి. మీ క్యాంపస్‌కు తేడా ఎంతో అప్పుడు తేలుతుంది, ఐదో వారం నుంచి బియ్యం దాన్నిబట్టి కొలవండి.

ఫొటోలు వద్దు. దాత వచ్చినా, రాజకీయ నాయకుడు వచ్చినా, తినేవాళ్ల మొహాలు ఫ్రేములో ఉండకూడదు. కావాలంటే డేగిసాను తీసుకోమనండి. పుట్టినరోజు స్పాన్సర్లు "మా పాప చేత్తో వడ్డిస్తాం" అంటారు. వడ్డించనివ్వండి, కానీ తలకు టోపీ పెట్టుకుని, చేతులు కడుక్కుని, బ్యానర్ లేకుండా.

ఒక చిన్న సంగతి: వడ్డనలో అన్నం హస్తం కొలత అందరికీ ఒకటే పెట్టి, "మారు కావాలా" అని అందరినీ అడగండి. సన్నగా ఉన్న అమ్మాయికి అడగకుండానే సగం వడ్డించడం మన దగ్గర అలవాటు. ఆ అమ్మాయి పొద్దున ఆరింటి నుంచి ఏమీ తినలేదేమో.

కరివేపాకు_24:

అందరికీ థాంక్స్. వారానికి ఒక రోజుకే ఒప్పుకున్నాం, బుధవారం. అన్నం మెస్ నుంచి, పప్పు మేమే. రెండు సందేహాలు. ఊళ్లో ఫంక్షన్ హాళ్ల వాళ్లు మిగిలిన భోజనం ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా? మా దగ్గర మిగిలితే ఏం చేయాలి?

కాగితం_కలం:

మిగులు ఆహారం పంపిణీకి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లో వేరే నిబంధనలు పెట్టింది. ఇచ్చేవాళ్లు, పంచేవాళ్లు ఇద్దరూ రికార్డు రాయాలి. అది అలా ఉంచి, గడియారం చూడండి. రాత్రి పెళ్లి భోజనం ఎనిమిదింటికి వండి ఉంటారు, పదకొండుకు మిగిలింది అంటారు. మీరు వడ్డించేది మర్నాడు ఒంటిగంటకు. చల్లార్చి దాచాలంటే రెండు గంటల్లో 60 నుంచి 21 డిగ్రీలకు, ఆ తర్వాత నాలుగు గంటల్లో 5 డిగ్రీలకు దిగాలి. 40 కిలోల బిర్యానీని అలా దించే యంత్రం మీ షెడ్డులో లేదు, మామూలు ఫ్రిజ్ వల్ల కాదు. మధ్యాహ్నం ఫంక్షన్ అయినా మీ వేళకు అందదు. వద్దని మర్యాదగా చెప్పి, పచ్చి సరుకులు మిగిలితే ఇవ్వమనండి. కట్ట విప్పని ఆకుకూర, తెరవని నూనె ప్యాకెట్లు.

గరిటె_తిప్పు:

మీ దగ్గర మిగిలింది రెండింటి లోపు క్యాంపస్‌లోనే ఇచ్చేయండి: వాచ్‌మెన్లు, పారిశుద్ధ్య సిబ్బంది, తోటమాలులు. "మిగిలింది తినండి" అని కాదు, ముందే వాళ్లకూ కూపన్లు ఇచ్చి ఉంచండి. బాక్సులో పట్టుకెళ్తామంటే సాయంత్రానికి దాచొద్దని చెప్పండి. రెండున్నర తర్వాత ఉన్నది పారబోయడమే. మనసు ఒప్పదు, అయినా తప్పదు. పారబోసింది తూకం వేసి పుస్తకంలో రాయండి. వరసగా మూడు వారాలు 3 కిలోలు దాటితే బియ్యం ఒక కిలో తగ్గించండి. వడ్డనకు ముందు ప్రతి పదార్థం నుంచి 150 గ్రాములు శుభ్రమైన డబ్బాలో తీసి, తేదీ రాసి, 48 గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఎవరికైనా కడుపులో తేడా చేస్తే మీ వంట వల్లా, బస్టాండ్ బజ్జీ వల్లా అన్నది ఆ డబ్బా చెబుతుంది.

కరివేపాకు_24:

మొన్న ట్రయల్‌గా కిలో పప్పు షెడ్డులో వండి చూశాం. గంటన్నర అయినా పలుకు పలుకుగానే ఉంది. పప్పు పాతదా?

గరిటె_తిప్పు:

కుళాయి బోరుదా? టీ కాచిన గిన్నెకు తెల్లటి పెచ్చు కడుతోందా? చింతపండు ఎప్పుడు వేశారు?

కరివేపాకు_24:

బోరే. పెచ్చు కడుతుంది. చింతపండు, టమాటా, ఉప్పు అన్నీ మొదట్లోనే వేసేశాం.

గరిటె_తిప్పు:

అయితే పప్పు తప్పు కాదు. బోరు నీళ్లలో కాల్షియం పప్పును మెత్తబడనివ్వకుండా పట్టి ఉంచుతుంది, పులుపు కూడా అదే పని చేస్తుంది. మీరు రెండూ కలిపి పెట్టారు. నానబెట్టడానికి, ఉడకబెట్టడానికి క్యాన్ నీళ్లే వాడండి. 4 కిలోల పప్పుకు 14 లీటర్లు, 20 లీటర్ల క్యాన్ ఒకటి చాలు. మీ లెక్కలో ఉన్న నాలుగు క్యాన్లలో ఇంకోటి మజ్జిగకు, మిగతా రెండు తాగడానికి. పప్పులో మొదట పసుపు, ఒక గరిటె నూనె తప్ప ఏమీ వేయొద్దు. వేళ్ల మధ్య నలిపితే మెత్తగా జారాలి, అప్పుడు ఆకుకూర, టమాటా. ఉప్పు, చింతపండు రసం ఆఖరున. ఆకుకూర, చేతులు, గిన్నెలు కడగడానికి ఆ బోరు నీళ్లు పర్లేదు. అయితే సబ్బు నురగ రాదు, సబ్బు ఖర్చు కాస్త ఎక్కువ రాసుకోండి.